రైడ్ ఆన్ బస్సులో పదకొండేళ్లు

2014లో హెచ్4 (ఉద్యోగం మీద వచ్చినవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే) వీసా మీద అమెరికాలోని జర్మన్‌టౌన్ వచ్చేసరికి నాకు డ్రైవింగ్ రాదు. ఆయన కారేసుకుని ఆఫీసుకెళ్తే సాయంత్రం దాకా నేనూ, నాలుగు గోడలూ. పక్క అపార్ట్‌మెంట్ తమిళావిడ ‘బస్సుందిగా’ అనేదాకా ఇక్కడ కౌంటీయే (మన జిల్లా లాంటిది) సొంతంగా బస్సులు నడుపుతుందని తెలీదు. మేరీల్యాండ్‌లో మా మాంట్‌గోమరీ కౌంటీ వాళ్లు రైడ్ ఆన్ అనే ఈ బస్సుల్ని 1975లోనే మొదలుపెట్టారు.

నేను ఎక్కువగా ఎక్కింది 55వ నంబరు బస్సు. అది 355 అనే రోడ్డు పట్టుకుని గైథర్స్‌బర్గ్ మీదుగా నిదానంగా పోతుంది, కూరగాయలకీ డాక్టరుకీ అదే ఆధారం. తర్వాత ఉద్యోగం వచ్చాక షేడీ గ్రోవ్‌లో మెట్రో అందుకోవడానికి 100 ఎక్కేదాన్ని, అది 270 హైవే మీద నేరుగా వెళ్తుంది. ఇప్పుడు నాకు కారుంది, అయినా ఉదయం 270 మీద ఆ ట్రాఫిక్‌లో టెన్షన్ పడుతూ తోలడం కంటే బస్సులో కూర్చుని అమ్మతో ఫోన్ మాట్లాడుకోవడమే నాకిష్టం.

ఛార్జీ సంగతి. కోవిడ్‌లో ఆపేసిన టికెట్టు 2022 ఆగస్టులో ఒక్క డాలరుగా తిరిగొచ్చింది, 2025 జూన్ 29 నుంచి అసలు టికెట్టే లేదు, ఎవరైనా ఎక్కొచ్చు. ఆ జూలైలోనే అమ్మ ఖమ్మం నుంచి వచ్చింది. తనకు మోకాళ్ల నొప్పులు. మొదటి రోజు మెట్టు చూసి వెనకడుగు వేసింది, డ్రైవర్ గమనించి ఏదో బటన్ నొక్కాడు, బస్సు బుస్సుమని గాలి వదిలి ముందు వైపు మా మీదకి ఒరిగి ఫుట్‌పాత్ ఎత్తుకి దిగింది. అమ్మ నా చెయ్యి వదిలేసి తనే ఎక్కింది. ఎక్కి, పర్సులోంచి ఆధార్ కార్డు తీసింది! ఊళ్లో మహాలక్ష్మి బస్సుల అలవాటు మరి, తెలంగాణలో ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే డబ్బుల్లేకుండా జీరో టికెట్టు ఇస్తారు. ఇక్కడ ఏమీ చూపించక్కర్లేదంటే ‘జీరో టికెట్టయినా ఇవ్వరా?’ అని అడిగింది. మూడో వారానికి నేను చీటీ మీద 55 అని రాసిస్తే, స్టాపులు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, దిగే ముందు బస్సు ఆపమని తీగ లాగి, ఒక్కతే వెళ్లి వచ్చింది. అమెరికా వచ్చే అమ్మానాన్నలు ఆరు నెలలూ కిటికీ దగ్గర కూర్చుని మనం ఎప్పుడొస్తామా అని చూస్తుంటారు చూడండి, అది మా అమ్మకి తప్పింది. ఈ బస్సుకి నేను రుణపడింది అందుకే.

అలాగని అన్నిటికీ ఇదొక్కటే సరిపోదు. కౌంటీ బస్సు కాబట్టి తిరుగుడంతా దాదాపు కౌంటీలోనే, లాన్‌హమ్ శివవిష్ణు గుడి పక్క కౌంటీలో ఉంది, అక్కడికి మేం కారులోనే వెళ్తాం. ఆదివారం బస్సులు పలచబడతాయి, ఒకటి తప్పిపోతే తర్వాతదాని కోసం చాలాసేపు నిలబడాలి. ఒక జనవరిలో ఫోన్‌లో ఏదో యాప్ చూపించిన టైమ్ నమ్మి వెళ్తే బస్సు అప్పటికే పోయింది, పైగా స్టాపు ముందు ఎవరో మంచు నడుం ఎత్తున పోగేసి వెళ్లారు, తర్వాతి బస్సు వచ్చేదాకా రోడ్డు వారనే నిలబడ్డాను. ఉచితం చేసినందుకు సంతోషమే, రోజూ రెండు మూడు బస్సులు మారి పనికి వెళ్లేవాళ్లకి అది చిన్న సాయం కాదు. కానీ కౌంటీ వాళ్లు ఇంకో డాలరు ఎక్కడ పెట్టాలని నన్నడిగితే రాత్రి పూట, ఆదివారం పూట ఇంకో బస్సు వెయ్యమంటాను. పావుగంటకో బస్సుంటే టైమ్ టేబుల్ చూడకుండా ఇంట్లోంచి బయల్దేరొచ్చు. గంటకొకటైతే, ఉచితమైనా, వేరే దారి లేనివాళ్లే ఎక్కుతారు.

కొత్తగా ఈ వైపు వచ్చేవాళ్లు అపార్ట్‌మెంట్ లీజు మీద సంతకం పెట్టే ముందు ఒక ఆదివారం సాయంత్రం దగ్గర్లోని స్టాపు దాకా నడిచి చూడండి. ఫుట్‌పాత్ ఉందా, రోడ్డు దాటడానికి సిగ్నల్ ఉందా, కూర్చోడానికి బెంచీ ఉందా. అమ్మానాన్నలు వచ్చే ఆలోచన ఉంటే మాత్రం జిమ్ కన్నా ముందు అది చూసుకోండి.