గుంటూరులో ట్రామా రీసెర్చ్ వర్క్‌షాప్: సర్జరీ, ఆర్థో పీజీలకు ఎంతవరకు ఉపయోగం?

ఈ రెండు రోజుల వర్క్‌షాప్‌లో ఫీజుకు న్యాయం చేసింది మొదటి రోజే. కేస్ షీట్లు ముందు పెట్టి గాయాల తీవ్రతను కొలిచే ఐఎస్ఎస్ స్కోరు చేత్తో వేయించారు. తీవ్రత అంకె ఛాతీకి 4, తలకు 3, తొడ ఎముకకు 3 అయితే వాటి వర్గాలు 16+9+9, మొత్తం 34. తొడ ఎముకతో పాటు పిక్క ఎముకా విరిగితే చాలామంది రెండూ కలిపేస్తారు. అది తప్పు, రెండూ ఒకే శరీర భాగం కిందికి వస్తాయి; ఒక్కో భాగం నుంచి పెద్ద అంకె ఒక్కటే తీసుకోవాలి.

అంతకన్నా విలువైనది టైము పాఠం. చాలా కేస్ షీట్లలో క్యాజువాల్టీకి వచ్చిన టైమే ఉంటుంది, దెబ్బ తగిలిన టైము ఉండదు. 2010లో వచ్చిన క్రాష్-2 ట్రయల్‌లో 20,211 మంది ఉన్నారు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే మందు దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇస్తేనే మేలు చేసింది, ఆ తర్వాత ఇచ్చినవారిలో రక్తస్రావ మరణాలు పెరిగాయి. దెబ్బ తగిలిన టైము గడి ఖాళీగా ఉంటే ఇలా టైము మీద ఆధారపడే థీసిస్ నిలబడదు. 108 స్లిప్పులోని కాల్ టైమైనా ఎత్తి రాయమన్నారు, మంచి సలహా.

రెండో రోజు నిరాశపరిచింది. స్పృహలేని రోగి తరఫున సమ్మతి ఎవరివ్వాలన్నది పది నిమిషాల్లో దాటేశారు. మన దగ్గర పని చిక్కుకునేదే అక్కడ. మొదటి రోగిని చేర్చకముందే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలన్నారు గానీ ఫారం నింపి చూపలేదు.

వెళ్లేవాళ్లు థీసిస్ టాపిక్ ఖరారు కాకముందే వెళ్లండి.