హనుమకొండ ఎండల్ల దేవగన్నేరు: ఇన్నేండ్లు పెంచినంక నా రివ్యూ

దేవగన్నేరు పెట్టాలా వద్దా అని అడిగేటోళ్లకు నేను చెప్పేది ఒకటే, నీళ్లు తక్కువ పోసే ఓపిక ఉంటేనే పెట్టుకోండ్రి. మే నెలల మా దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటినా దీనికేం కాదు, పక్కన మందారం ఆకులు వాల్చేస్తే ఇది గుత్తులు గుత్తులు పూస్తుంటది. దీని ప్రాణం తీసేది నీళ్లే. వేర్ల కాడ తడి నిలిస్తే కాండం లోపట్నుంచే మురుగుతది, పైకి ఏం కనవడది, వేలితోని ఒత్తితే మెత్తగ దిగుతది. అట్లయితే తెల్లటి గట్టి కట్టె కనవడే దాంక పైకి కోసుకుంటపోయి ఆ పై ముక్కను మళ్ల నాటుకోవాలె, మొదలు మీద ఆశ పెట్టుకోవద్దు. మాది మొరం నేల కాబట్టి నీళ్లు ఇంకిపోతయి, రేగడి ఉన్నోళ్లు మాత్రం ఇసుక, మొరం కలిపి ఎత్తుగ గడ్డ చేసి పెట్టండ్రి.

నర్సరీల కొనుడు కూడ అవసరం లేదు. ముదిరిన బూడిదరంగు కొమ్మ అడుగున్నర కోసి, పాలు ఆరి మొన ఎండేదాంక వారం పది రోజులు నీడకు పెట్టి, ఎండకాలంల నాటితే చాలు. గింజతోని కూడ మొలుస్తది గాని తల్లిచెట్టు రంగే వస్తదని లేదు. పాలు కంట్ల పడొద్దు, ఒంటికి తగిలినా కొందరికి దురద పెడ్తది, పిల్లలు ఉన్న ఇంట్ల ఇది పక్కా గుర్తుంచుకోవాలె.

చలికాలంల ఆకంత రాల్చి మోడు లెక్క నిలవడ్తది, సచ్చిపోయింది కొట్టేయమని ఇంట్ల పెద్దోళ్లు అంటరు, కొట్టొద్దు, నీళ్లు బంద్ చేసి వదిలేయాలె, శివరాత్రి దాటినంక కొసలకు చిగురు వస్తది. పూలు వచ్చేది ఆ కొసలకే, అందుకే షేప్ కోసమని ప్రతి ఏడు కత్తిరిస్తే ఆ ఏడు పూలు పోయినట్టే. యూరియా వేస్తే ఆకు మస్తుగ వస్తది గాని పువ్వు రాదు, నేను పెంట ఎరువు ఒక్కటే వేస్త. వానకాలంల ఆకుల కింద నారింజ రంగు పొడి, అదే తుప్పు తెగులు, పడుతది, రాలిన ఆకులు ఎప్పటికప్పుడు ఊడ్చి తీసేస్తే ముదరదు. పిండినల్లికి (తెల్లటి పిండి లెక్క కొమ్మలకు పట్టే పురుగు) లీటరు నీళ్లకు 5 ఎం.ఎల్. వేపనూనె, జర సబ్బు నీళ్లు కలిపి కొట్టిన, పోయింది.

పుట్టింది మెక్సికో, కరీబియన్ దిక్కు అయినా మన గుళ్ల కాడ ఎప్పట్నుంచో ఉన్నట్టే కలిసిపోయింది. వాసన పొద్దుగూకినంకనే గట్టిగ వస్తది, రాత్రి తిరిగే చిమ్మటల (సీతాకోకచిలుక లెక్కుండే పురుగుల) కోసం, పువ్వుల మాత్రం తేనె చుక్క ఉండదు, పాపం ఉత్తగ తిరిగిపోతయి.

గాలిదుమారానికి కొమ్మలు పుటుక్కున విరుగుతయి, అదొక్కటే నాకు నచ్చనిది. ఏడాదంత పచ్చగ కావాలంటే మొండి కొసల ఆకుండే తెల్లరకం తీసుకోండ్రి, అది చలికి కూడ ఆకు అంతగ రాల్చదు. నన్నడిగితే మాత్రం మొనదేలిన ఆకుల ఎర్రదే.