నిలువుగా లేచే ఆర్‌సీ విమానం కిట్ కొంటున్నారా? జిగురు తీసేలోపే తూకం వేయండి

రన్‌వే అక్కర్లేకుండా ఉన్నచోటి నుంచే నిలువుగా లేచి, గాల్లోకి వెళ్లాక మామూలు విమానంలా ముందుకు దూసుకెళ్లే ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) మోడల్ కట్టాలని చాలామందికి ఉంటుంది, నాకూ ఎన్నేళ్లుగానో ఉంది. ఆ ఆశతోనే ఆన్‌లైన్‌లో ఒక కిట్ కొని రెండు నెలల పని, దానికి పెట్టిన డబ్బు పోగొట్టుకున్నాను, అంతకంటే ముఖ్యంగా మా అక్క కొడుకు ముందు ఒక భయంకరమైన క్షణం చూశాను. ఇలాంటి కిట్ మీద కన్నేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఆర్డర్ పెట్టేముందు దయచేసి ఇది మొత్తం చదవండి. అమ్మినవాళ్ల పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు, ఇదే సరుకు వేరు వేరు పేర్లతో, అవే ఫోటోలతో చాలాచోట్ల కనిపిస్తోంది కాబట్టి పేరుకన్నా లక్షణాలు గుర్తుపట్టడమే పనికొస్తుంది.

నేను కొన్నది మూడు మోటార్ల మోడల్. ముందు రెండు మోటార్లు రెక్కల మీద ఉంటాయి, అవి సర్వోలతో (చెప్పిన కోణానికి తిప్పే చిన్న మోటార్లతో) పైకీ ముందుకీ తిరుగుతాయి. వెనక ఒకటి పైకే చూస్తూ బిగించి ఉంటుంది, లేచేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రమే పనిచేస్తుంది. వివరాల్లో రాసింది ఇదీ: ఎగిరే బరువు 1,050 గ్రాములు, ఒక్కో మోటారు థ్రస్ట్ (తోసే బలం) 850 గ్రాములు, కార్బన్ రాడ్లు, మెటల్ గేర్ సర్వోలు, ముందే ప్రోగ్రామ్ చేసిన ఫ్లైట్ కంట్రోలర్ (విమానాన్ని నిలకడగా ఉంచే చిన్న కంప్యూటర్ బోర్డు). ఆ లెక్కన మూడు మోటార్లు కలిపి 2,550 గ్రాములు ఎత్తాలి, అంటే బరువుకు రెండింతల కంటే ఎక్కువ. నిలువుగా లేచేదానికి రెండింతలు ఉంటే హాయిగా ఉంటుంది, ఒకటిన్నర కంటే తగ్గితే కష్టం అని నాకు తెలుసు. అందుకే ఈ అంకెలు చూసి ధైర్యంగా కొన్నాను. ఆ అంకెల్లో ఒక్కటీ నిజం కాదు.

మామూలు విమానం కిట్‌లో అంకెలు కాస్త అటూ ఇటూ అయినా బండి నడిచిపోతుంది. చేత్తో విసిరే విమానం తన బరువులో సగం థ్రస్ట్ ఉన్నా ఎగురుతుంది, ఎందుకంటే బరువు మోసేది రెక్క, మోటారు కేవలం ముందుకు లాగుతుంది. నిలువుగా లేచేటప్పుడు రెక్క పని సున్నా. ప్రతి గ్రామూ మోటార్లే మోయాలి, మోయగా మిగిలిన బలంతోనే విమానాన్ని నిటారుగా నిలబెట్టుకోవాలి. ఎడమ పక్క ఒరిగితే ఎడమ మోటారు ఇంకా గట్టిగా తిరగాలి కదా, అది అప్పటికే పూర్తి వేగంలో ఉంటే? కంట్రోలర్ చేయగలిగింది ఒక్కటే, కుడి మోటారును తగ్గించడం. అప్పుడు ఒరగడం ఆగినా మొత్తం విమానం కిందికి జారుతుంది. అందుకే ఇలాంటి కిట్‌లో బరువు, థ్రస్ట్ అంకెలు తప్పు రాయడాన్ని చిన్న మోసంగా తీసుకోలేం.

మొదటిసారి ఎగరేసిన రోజు చెప్తాను. గాలి దాదాపు లేదు, కిట్‌తో వచ్చిన బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి ఉంది. థ్రాటిల్ (మోటార్ల వేగం) పెంచితే చాలాసేపు కదల్లేదు, దాదాపు చివరిదాకా తోశాక లేచింది. మనిషి ఎత్తు దాకా వచ్చింది, నాలుగైదు సెకన్లు నిలబడింది, తర్వాత మెల్లగా ముక్కు కిందికి వాలడం మొదలైంది. నేను స్టిక్ వెనక్కి లాగాను, థ్రాటిల్ పూర్తిగా ఇచ్చాను, ఏమీ మారలేదు. ముక్కు వాలిన విమానం ముందుకు పరిగెత్తుతుంది, అది పరిగెత్తింది మా అక్క కొడుకు నిలబడ్డ వైపు. వాడు పక్కకు దూకాడు. ప్రొపెల్లర్ నేలకు తగిలి విరిగి ఒక ముక్క వాడి చెప్పుకు తగిలింది. పదేళ్ల పిల్లాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, టెన్షన్‌తో కాదు, నేను ముందే కొలవకుండా వాడిని దగ్గర ఎందుకు నిలబెట్టానా అని.

మర్నాడు కూర్చుని చేయాల్సిన పని చేశాను. ముందు తూకం. వంటింట్లో వాడే డిజిటల్ కాటా చాలు. బ్యాటరీ, కంట్రోలర్, జీపీఎస్, రిసీవర్, వైర్లు అన్నీ పెట్టి తూస్తే 1,510 గ్రాములు వచ్చింది. వాళ్లు రాసిన 1,050లో బ్యాటరీ లేదు, ఎలక్ట్రానిక్స్ లేవు, జిగురు సరే సరి. ఎగిరే బరువు అని రాసి ఎగరడానికి కావాల్సినవే వదిలేశారు.

తర్వాత థ్రస్ట్. ఇది ఇంట్లో కొలిచే పద్ధతి అందరికీ తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. బరువైన చెక్క దిమ్మ తీసుకుని దాని మీద నిలువుగా ఒక కర్ర బిగించి పైన మోటారు పెట్టండి. ప్రొపెల్లర్‌ను అక్షరాలున్న వైపు కిందికి వచ్చేలా తిప్పి బిగించి, మోటారు మూడు వైర్లలో ఏ రెండింటినైనా మార్చి కలిపితే అది ఉల్టా తిరుగుతుంది. అప్పుడు గాలి పైకి పోతుంది, దిమ్మ కిందికి నొక్కుకుంటుంది. దిమ్మను కాటా మీద పెట్టి కాటాను సున్నా చేసి థ్రాటిల్ ఇస్తే కనిపించే అంకే మీ థ్రస్ట్. గాలి కాటా మీదికి కాకుండా పైకి పోవాలి, లేకపోతే అంకె తప్పు వస్తుంది. ప్రొపెల్లర్ తిరిగే వరుసలో ఎవరూ నిలబడకూడదు, మీరు కూడా. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

నా దగ్గరున్న మంచి బ్యాటరీతో ఒక మోటారు 690 గ్రాములు ఇచ్చింది. సరే, 850 కాకపోయినా పర్వాలేదు అనుకున్నాను. కానీ కిట్‌తో వచ్చిన బ్యాటరీ పెట్టి, మిగతా రెండు మోటార్లనూ బల్లకు బిగించి అవి కూడా తిరుగుతుండగా కొలిస్తే 560కి పడిపోయింది. మూడూ కలిపి 1,680. విమానం బరువు 1,510. అంటే రెండింతలు కాదు, ఒకటి పాయింట్ ఒకటి.

ఇంత తేడా ఎందుకొచ్చిందంటే బ్యాటరీ వల్ల. దాని మీద 3ఎస్ (వరుసగా మూడు సెల్స్), 2200 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో), 60సి (ఆ సామర్థ్యానికి ఎన్ని రెట్లు కరెంటు ఇవ్వగలదో) అని రాసి ఉంది. అది నిజమైతే 132 ఆంపియర్లు ఇవ్వాలి. నా ఛార్జర్‌లో సెల్ లోపలి రెసిస్టెన్స్ కొలిచే ఆప్షన్ ఉంది, ఒక్కో సెల్‌కు 25 మిల్లీఓమ్‌ల దగ్గర చూపించింది. మూడు మోటార్లు కలిపి 36 ఆంపియర్లు లాగితే మూడు సెల్స్‌లో కలిపి 2.7 వోల్టులు అక్కడికక్కడే పోతాయి. నిండా ఛార్జ్ చేసినప్పుడు 12.6 ఉన్న బ్యాటరీ థ్రాటిల్ ఇవ్వగానే 10 కంటే కిందికి వస్తుందన్నమాట. మామూలుగా ఈ సైజు 3ఎస్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 170 నుంచి 190 గ్రాములు తూగుతుంది, ఇది 128 తూగింది. నింపి ఖాళీ చేసి చూస్తే 1,400 చిల్లర ఎంఏహెచ్ మాత్రమే వచ్చింది. బ్యాటరీ మీది సి రేటింగ్‌ను నమ్మకండి. మంచి కంపెనీ బ్యాటరీ పక్కన పెట్టి బరువు చూస్తే చాలా వరకు నిజం అక్కడే తెలిసిపోతుంది.

ముక్కు ఎందుకు వాలిందో కూడా అప్పుడు అర్థమైంది, ఇది మాత్రం బ్యాటరీ మార్చినా పూర్తిగా పోని తప్పు, డిజైన్‌లోనే ఉంది. మూడు మోటార్లూ సమానంగా మోయాలంటే విమానం బరువు కేంద్రం (అక్కడ వేలు పెట్టి ఎత్తితే ఎటూ వాలని చోటు), ముందు మోటార్ల గీత నుంచి వెనక మోటారు దాకా ఉన్న దూరంలో మూడో వంతు దగ్గర ఉండాలి. ఈ విమానంలో ఆ దూరం 540 మిల్లీమీటర్లు, కాబట్టి 180 దగ్గర ఉండాలి. కానీ రెక్కతో ఎగరాలంటే కేంద్రం ఉండాల్సిన చోటు వేరు, రెక్క వెడల్పులో ముందు నుంచి పాతిక, ముప్పై శాతం దగ్గర. వాళ్లు గుర్తు పెట్టిన ఆ చోటు 140 దగ్గర ఉంది. లెక్క వేసుకోండి, 140 దగ్గర ఉంటే వెనక మోటారు మోసేది మొత్తం బరువులో 26 శాతం, మిగిలింది ముందు రెండింటి మీద, ఒక్కోదాని మీద దాదాపు 560 గ్రాములు. సరిగ్గా ఆ మోటారు ఇవ్వగలిగినంతే! మిగులు ఒక్క గ్రాము కూడా లేదు. బ్యాటరీ తాజాగా ఉన్న నాలుగు సెకన్లు నిలబడింది, వోల్టేజి కాస్త తగ్గగానే ముందు మోటార్లు చేతులెత్తేశాయి, వెనకదాన్ని తగ్గిస్తే తప్ప ముక్కు నిలవదు, తగ్గిస్తే విమానమే పడిపోతుంది. డిజైన్ చేసినవాళ్లు రెక్క కేంద్రాన్నీ మోటార్ల కేంద్రాన్నీ ఒకే చోటికి తెచ్చే పనే చేయలేదు. ఏ కిట్ అయినా ఈ రెండు దూరాలూ అడగండి, చెప్పలేకపోతే దాన్ని ఎవరూ నిజంగా ఎగరేసి చూడలేదని అర్థం.

విరిగినవి మార్చి నా బ్యాటరీతో మళ్లీ ప్రయత్నించాను, ఈసారి ఒక్కడినే, దూరంగా నిలబడి. లేచింది, నిలబడింది కూడా, కానీ తోక అటూ ఇటూ ఊగుతూనే ఉంది. ఈ రకం మోడల్‌లో విమానం ముఖాన్ని ఎడమకో కుడికో తిప్పేది ముందు మోటార్ల వాలే, ఒకటి కొంచెం ముందుకు, ఇంకొకటి కొంచెం వెనక్కి వాలుతుంది. ఆ వాలును పట్టుకునే సర్వోలో ఆట (వదులు) ఉంటే కంట్రోలర్ ఎంత సరిచేసినా ఊగడం ఆగదు. దించి మోటారును చేత్తో కదిపి చూస్తే నాలుగైదు డిగ్రీలు వదులుగా ఆడుతోంది. సర్వో విప్పితే లోపల ప్లాస్టిక్ గేర్లు, అందులో ఒకదానికి అప్పటికే పళ్లు అరిగాయి. ఫోటోలో బంగారు రంగు మెటల్ గేర్ స్పష్టంగా ఉంది.

ఇక అనుమానం వచ్చి మిగతావీ చూశాను. కార్బన్ రాడ్ అన్నదాన్ని చివర గరుకు కాగితంతో రుద్ది మల్టీమీటర్ పెట్టాను. కార్బన్ కరెంటును పోనిస్తుంది, ఫైబర్‌గ్లాస్ పోనివ్వదు. రెండు చివరలా రుద్ది చూసినా మీటరు పలకలేదు, నల్ల రంగు వేసిన ఫైబర్‌గ్లాస్. ఈఎస్సీల (మోటారు వేగాన్ని నియంత్రించే బోర్డుల) మీద 30 ఆంపియర్ల స్టిక్కర్, పైన తొడుగు కోస్తే బోర్డు మీద 20 అని ప్రింట్ అయి ఉంది. మోటారు తిరిగే కీలు పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చేసింది, పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో మూసిన కారులో ఉంచితే చాలు వంకర పోవడానికి, ఇక వేడెక్కిన మోటారు పక్కన సంగతి చెప్పక్కర్లేదు.

ముందే ప్రోగ్రామ్ చేసిన కంట్రోలర్ సంగతి వేరే కథ. కొత్తవాళ్లు దీన్ని చూసే కొంటారు కాబట్టి రాయాలి. దాన్ని మిషన్ ప్లానర్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌కు కలిపితే ఆర్డుపైలట్ కాప్టర్ అని వచ్చింది. అది డ్రోన్లకు వాడే ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్). ఆర్డుపైలట్‌లో నిలువుగా లేచే విమానాలన్నీ ప్లేన్ ఫర్మ్‌వేర్‌లో ఉంటాయి, అందులో క్యూ ఎనేబుల్ అనే పారామీటర్‌ను (సెట్టింగును) 1 చేసి బోర్డును రీస్టార్ట్ చేస్తేనే మిగతా క్యూ పారామీటర్లు కనిపిస్తాయి. ఏ మోటార్లు వాలతాయి, ఎలా వాలతాయి అన్నది అక్కడ చెప్పాలి. కాప్టర్ ఫర్మ్‌వేర్‌కు రెక్కే తెలియదు, దాంతో ముందుకు ఎగరడమన్నది జరిగే పని కాదు. నాకు కొంత అనుభవం ఉంది కాబట్టి మొదటిసారి ఎగరేసేముందే చూసి మార్చుకున్నాను. మొదటిసారి కట్టేవాళ్లు అలాగే ఎగరేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

అమ్మినవాళ్లకు ఫోటోలు, కొలతలు అన్నీ పంపాను. డబ్బు కట్టేదాకా అరగంటలో జవాబిచ్చినవాళ్లు ఇప్పుడు తొమ్మిది రోజులు తీసుకున్నారు. మీ సెట్టింగులు తప్పు అన్నారు. బ్యాటరీ బరువు ఫోటో మళ్లీ పంపితే, జిగురు పెట్టి కట్టేసిన సరుకు వాపసు తీసుకోము అన్నారు. కట్టకుండా ఎగరేసి చూడటం ఎలాగో వాళ్లే చెప్పాలి. ఆ తర్వాత జవాబు లేదు. అందుకే చెప్తున్నా, పెట్టె విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి, జిగురు తీయకముందే బ్యాటరీ, సర్వో, రాడ్, మోటారు తూచి కొలిచి ఆ తూకాల ఫోటోలు దాచుకోండి. వాపసు అడిగేటప్పుడు చేతిలో ఉండే ఆధారం అదే.

వాళ్ల వీడియో చూసే కొన్నాను కదా, ఇప్పుడు మళ్లీ చూశాను. లేవడం ఒక షాట్, ముందుకు ఎగరడం ఇంకో షాట్, మధ్యలో మోటార్లు వాలే ఘట్టం లేదు. ముందుకు ఎగిరే షాట్‌లో విమానానికి వెనక మోటారే లేదు, అది వేరే విమానం. దిగడం అసలే చూపించలేదు. నిలువుగా దిగడం ఈ రకంలో కష్టమైన పనుల్లో ఒకటి. 1954లో కాన్వెయిర్ పోగో అనే అసలు విమానం, తోక మీద నిలబడి నిలువుగా లేచేది, లేచింది, అడ్డంగా ఎగిరింది, మళ్లీ తోక మీద దిగింది కూడా. కానీ దిగేటప్పుడు పైలట్ భుజం మీదుగా వెనక్కి తిరిగి నేలను చూసుకోవాల్సి వచ్చేది, ఆ పద్ధతి ముందుకు సాగకపోవడానికి అదొక పెద్ద కారణం. కాబట్టి లేచి, మారి, తిరిగి మారి, దిగేదాకా ఒక్క కట్ లేకుండా ఉన్న వీడియో అడగండి. పంపకపోతే కొనకండి.

ఇప్పటికే ఇదే రకం కొని కట్టేసినవాళ్లకు ఒక మాట. ప్రొపెల్లర్లు విప్పేసి ముందు మోటార్లను చేత్తో కదిపి ఆట ఎంతుందో చూడండి, మొత్తం తూకం వేయండి, మీ బ్యాటరీతో థ్రస్ట్ కొలవండి. నిష్పత్తి ఒకటిన్నర కంటే తక్కువ వస్తే ఎంత ఆశగా ఉన్నా లేపకండి. వాలే సర్వోలు, బ్యాటరీ, ఈఎస్సీలు మార్చి, వెనక మోటారును ముందుకు జరపగలిగితే జరపండి. నా విమానంలో బరువు కేంద్రం 140 దగ్గరే ఉంచి, మూడు మోటార్లూ సమానంగా మోయాలంటే వెనకదాన్ని 420 మిల్లీమీటర్ల దగ్గరికి తేవాలి, అంటే 120 ముందుకు, మోటారు కదిలితే బ్యాటరీని కూడా కాస్త వెనక్కి జరిపి కేంద్రం మళ్లీ సరిచూసుకోవాలి. ఫోమ్ కోయడం మొదలుపెట్టాను. ఇది లేచే రోజు మా అక్క కొడుకు వస్తానంటున్నాడు, రమ్మన్నాను, కానీ ఈసారి వాడు నిలబడేది నా వెనక, ముప్పై మీటర్ల దూరంలో.