సొంత నగరంలోనే రెండు రాత్రుల విడిది: పాతబస్తీలో పెళ్లి ముస్తాబు

మా చిన్నాన్న కూతురి రిసెప్షన్ ఛత్రినాక దగ్గరి ఒక ఫంక్షన్ హాలులో అని తెలిసినప్పుడు, మియాపూర్‌లో ఉండే నాకు ముందుగా దిగులు పుట్టించింది చీర కాదు, దారి. ఇంటి దగ్గర ఎంత శ్రద్ధగా పెట్టుకున్న కుచ్చిళ్లైనా వేసవి సాయంత్రం కారులో గంటన్నర కూర్చుంటే నాంపల్లి చేరేసరికే నలిగిపోతాయని, జడలో మల్లెలు సగం వాడిపోతాయని ఇంతకుముందు రెండు పెళ్లిళ్లలో అనుభవమైంది. మెట్రోలో మియాపూర్ నుంచి పాతబస్తీకి దగ్గరి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) వరకు రైలు మారకుండా రావచ్చు గానీ, పట్టంచు చీరతో, నగలతో ఆదివారం సాయంత్రపు రద్దీలో నిలబడి రావడానికి ధైర్యం చాలలేదు. అందుకే ఈసారి మా వదిన, నేను కలిసి శనివారం ఉదయమే చార్మినార్‌కు దగ్గరగా ఉండే ప్రాంతంలో దిగి, గాజులు, అత్తరు, గోరింటాకు, అలంకరణ అన్నీ అక్కడే చూసుకుని, ఆదివారం సాయంత్రం అక్కడి నుంచే రిసెప్షన్‌కు వెళ్లాలని అనుకున్నాము. ఏది బాగుంది, ఏది బాగాలేదు అని తేల్చడానికి మేము పెట్టుకున్న కొలత ఒక్కటే: అది రాత్రి పదకొండు గంటల వరకు నిలిచిందా, లేదా.

మొదటి చిక్కు గది దగ్గరే వచ్చింది. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి, నిర్ధారణ సందేశం చేతిలో పట్టుకుని వెళ్లిన హోటల్‌లో కౌంటర్ దగ్గరి కుర్రవాడు మా ఆధార్ కార్డులు అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, మీది లోకల్ అడ్రస్, లోకల్ వాళ్లకు మేము రూమ్ ఇవ్వం" అన్నాడు. ఊళ్లో వాళ్లకు గది ఇవ్వకూడదని చట్టమేమీ లేదు. అది ఆయా హోటళ్లు సొంతంగా పెట్టుకున్న నిబంధన. అయితే ఆ నిబంధన బుకింగ్ పేజీలో చిట్టచివర, ఎవరూ చదవని చోట ఉంటుంది. డబ్బు వెనక్కి రావడానికి ఆరు రోజులు పట్టింది. సొంత నగరంలో గది తీసుకోవాలనుకునే వారు బుక్ చేసే ముందే ఫోన్ చేసి, స్థానిక గుర్తింపు కార్డు అంగీకరిస్తారో లేదో అడగడం తప్పనిసరి అని అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నానికి ఆబిడ్స్ వైపు ఒక పాత హోటల్‌లో గది దొరికింది. అద్దె 2,600 రూపాయలు, దానిపై ఐదు శాతం జీఎస్టీ 130, మొత్తం 2,730. రోజుకు 7,500 రూపాయల లోపు గదులపై అంతకుముందు పన్నెండు శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి ఐదు శాతానికి తగ్గింది కాబట్టి ఆ లెక్క సరిగానే ఉంది. గది విశాలంగా ఉంది, ఏసీ చల్లగా పనిచేసింది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. లోపమల్లా అద్దం దగ్గర. అద్దానికి పైన ఒకే ఒక పసుపు బల్బు ఉండడంతో ముఖంపై నీడలు కిందికి పడి, కళ్ల కింద లేని నల్లటి వలయాలు కూడా ఉన్నట్టు కనిపించాయి. ముస్తాబు కోసం గది తీసుకునే వారు పడక కంటే ముందు అద్దాన్ని, కిటికీని చూసుకోవాలి. మేము చివరికి కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుని పని కానిచ్చాము. ఇస్త్రీ పెట్టె అడిగితే లాండ్రీకి ఇవ్వమన్నారు. ఆ లాండ్రీ రాత్రి ఎనిమిదికే మూసేస్తారు.

శనివారం మధ్యాహ్నం సిటీ బస్సులో చార్మినార్‌కు బయలుదేరాము. 2023 డిసెంబరు 9 నుంచి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ఛార్జీ లేదు. హోటల్‌లో గది రాకుండా చేసిన ఆధార్ కార్డే బస్సులో జీరో టికెట్ ఇప్పించింది.

లాడ్ బజార్‌ను చుడీ బజార్ అని కూడా అంటారు. చార్మినార్‌కు పడమటి వైపున మొదలయ్యే ఆ వీధిలో అడుగుపెడితే రెండు పక్కలా అద్దాల బీరువాల్లో గాజులే, మిట్టమధ్యాహ్నం కూడా దీపాలే. మా వదిన పుట్టిల్లు శాలిబండ కావడం వల్ల ఆమెకు ఈ వీధి ఇంటి వాకిలి వంటిది. నేను మొదటి దుకాణంలోకే దూరబోతే, "ఆగు, ముందు వరసలో వాళ్లు చెప్పే ధర టూరిస్టులకు" అని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. ఆమె మాట నిజమే. అటువంటి జతకే వీధి మధ్యలో అడిగిన ధర మొదటి దుకాణంలో చెప్పిన దానికంటే మూడో వంతు తక్కువ.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో, ఈ ఊరి ప్రత్యేక ఉత్పత్తి అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అయితే అదే బీరువాలో లక్కవి, ప్లాస్టిక్‌వి పక్కపక్కనే ఉంటాయి; అడగకపోతే తేడా ఎవరూ చెప్పరు. మేము కొన్న చోట దుకాణం వెనక గదిలో ఒక పనివాడు చిన్న బొగ్గుల కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. కర్రకు అంటించిన లక్క ముద్దను నిప్పు మీద మెత్తబరిచి, రాతి పలక మీద చెక్కతో దొర్లించి పొడవాటి తీగలా సాగదీసి, గుండ్రంగా వంచి లోహపు వలయానికి అతికించాడు. ఆ తరువాత చల్లారేలోపే సన్నటి చిమటాతో ఒక్కొక్క రాయిని ఎత్తి పెట్టి, వేలి గోటితో నొక్కుతూ వెళ్లాడు. లక్క కొంచెం గట్టిపడగానే మళ్లీ సెగకు చూపడం, మళ్లీ ఐదారు రాళ్లు పెట్టడం. ఒక గాజు చుట్టూ ఈ పని పూర్తయ్యేవరకు అతడు తల ఎత్తలేదు. వేడికి మెత్తబడేదే లక్క కాబట్టి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఈ గాజుల పెట్టె పెట్టకూడదని, దుకాణదారు అడగకుండానే చెప్పాడు.

కొలత విషయంలో చాలామంది పొరబడతారు. గాజుల మీద రాసే 2.4, 2.6, 2.8 అంకెలు దశాంశాలు కావు. చుక్క తరువాతి అంకె అంగుళంలో పదహారో భాగాల లెక్క. అంటే 2.4 అన్నది రెండుంబావు అంగుళాల వ్యాసం, 2.8 అన్నది రెండున్నర. లోహపు గాజులు నాకు 2.4 సరిపోతాయి గానీ, లక్క గాజు మందంగా, ఏమాత్రం సాగకుండా ఉంటుంది కనుక 2.6 తీసుకోమని వదిన పట్టుబట్టింది. దుకాణదారు నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల మొదళ్ల దగ్గర మెల్లగా నొక్కి చూసి ఆమె చెప్పిందే నిజమన్నాడు. జత పన్నెండు వందలు చెప్పి తొమ్మిది వందలకు ఇచ్చాడు. రెండు రోజులలో పెట్టిన ఖర్చుల్లో నాకు పూర్తి తృప్తినిచ్చినది ఇదే.

పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాల్లోకి చూడటానికే వెళ్లాము. ఈనాడు హైదరాబాద్‌లో అమ్మే ముత్యాల్లో అధిక భాగం చైనా మంచినీటి ముత్యాలే. పంటితో మెల్లగా రుద్దితే అసలు ముత్యం సన్నటి ఇసుకలా గరగరలాడుతుంది, నకిలీది జారిపోతుంది. ఒక దుకాణంలో ఆ మాట అనగానే వాళ్లే ముత్యం చేతికిచ్చి పరీక్షించుకోమన్నారు. మరొకచోట ముఖం ముడుచుకున్నారు.

అత్తరు దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాము. వేసవి కనుక దుకాణం పెద్దాయన ముందుగా వట్టివేరుతో చేసే ఖస్, ఆ తరువాత తొలకరి వాన పడిన నేల వాసన వచ్చే మిట్టీ అత్తరు చూపించారు. మూలికలు, సుగంధ ద్రవ్యాలతో చేసే శమామా అత్తరు అడిగితే, అది చలికాలానిది, ఈ ఎండలో మీకే తల నొప్పి పుడుతుందని నవ్వి పక్కన పెట్టేశారు. అమ్మగలిగిన సరుకును వద్దని చెప్పే వ్యాపారిని చాలా రోజుల తరువాత చూశాను. అత్తరులో ఆల్కహాల్ ఉండదు, నూనె ఆధారం కనుక గాలిలో చిమ్మినట్టు వెంటనే వ్యాపించదు. ఒంటి వేడికి మెల్లమెల్లగా వాసన విడుస్తుంది. అందుకే మణికట్టు మీద రాసుకుని, అరగంట వీధిలో తిరిగి వచ్చి, అప్పుడు కొనడం మంచిది. మూడు మిల్లీలీటర్ల సీసా ఖస్ నాలుగు వందలకు తీసుకున్నాను.

మధ్యలో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంకు వెళ్లడం వదిన ఆలోచన. 1869 నుంచి 1911 వరకు పాలించిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల గది అక్కడ ఉంది. రెండు అంతస్తుల్లో బారులు తీరిన చెక్క బీరువాలు, పై అంతస్తుకు చేరడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. వేసిన బట్టలు ఆయన మళ్లీ వేసేవారు కాదని చెప్పుకుంటారు. నాలుగేళ్లుగా ప్రతి పెళ్లికీ అదే గద్వాల చీర కట్టుకుంటున్న నేను ఆ బీరువాల వరుస పక్కన నడుస్తూ కాస్త గర్వపడ్డాను కూడా. శుక్రవారం ఈ మ్యూజియంకు సెలవు.

గోరింటాకు శనివారం సాయంత్రమే పెట్టించుకున్నాము, ఎందుకంటే అసలైన గోరింటాకు మొదట నారింజ రంగులోనే పండి, ఒకటి రెండు రోజులకు గాని ముదరదు. గంటలో నల్లగా పండిస్తామని ఒకామె కోన్ చూపించింది గానీ, అలాంటి నల్ల కోన్లలో జుట్టు రంగులకు వాడే పీపీడీ రసాయనం కలుపుతారు, అది కొందరికి బొబ్బలు తెప్పిస్తుంది కాబట్టి వద్దన్నాము. ఆదివారం సాయంత్రానికి మా చేతులు వక్కపొడి రంగు తేలాయి.

ఇక పార్లర్. పేరు చెప్పను. 6,500 రూపాయల ప్యాకేజీ అని బోర్డు మీద ఉంది, బిల్లులో దానిపై పద్దెనిమిది శాతం, అంటే 1,170 రూపాయల పన్ను వేశారు. బ్యూటీ పార్లర్ సేవలపై కూడా ఆ సెప్టెంబరు 22 నుంచే పన్ను ఐదు శాతానికి తగ్గిందని, 325 మాత్రమే ఇవ్వాలని చెబితే, కంప్యూటర్‌లో పాతదే వస్తోందన్నారు. పావుగంట నిలబడితే గాని 845 రూపాయలు తగ్గలేదు. అది పోనీ అనుకున్నా, ఫౌండేషన్ రంగును దవడ దగ్గర కాక మణికట్టు మీద సరిచూడడంతో ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అయ్యాయి. పార్లర్ దీపాల కింద తెలియలేదు. గదికి వచ్చి కిటికీ వెలుగులో నిలబడితే వదిన ఏమీ అనకుండా తడి తువ్వాలు చేతికిచ్చింది. సగం తుడిచేసి, మళ్లీ మేమే సరిచేసుకున్నాము.

దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం, గదికి వచ్చి చీర కట్టిన అమ్మాయిది. ఎనిమిది వందలు తీసుకుంది. తన స్టీమ్ ఇస్త్రీ తానే తెచ్చుకుని, గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు పట్టు అని గమనించి, రెండింటికీ వేరువేరు వేడి పెట్టి, కుచ్చిళ్లు, పైట ముందుగానే మడతలు పెట్టి క్లిప్పులతో బిగించింది. కట్టడానికి పది నిమిషాలు పట్టలేదు. పిన్నులు ఎక్కడెక్కడ ఉన్నాయో చేత్తో తడిమి చూపించింది, రాత్రి విప్పేటప్పుడు జరీ చిరగకుండా. మల్లెలు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెప్పించిన మొగ్గలు. ఉదయం నుంచి తడి గుడ్డలో చుట్టి ఉంచితే, సరిగ్గా సాయంత్రం జడలో పెట్టుకున్నాక విచ్చుకున్నాయి.

రిసెప్షన్‌కు గది నుంచి ఆటోలో అరగంట కూడా పట్టలేదు. రాత్రి పదకొండు గంటలకు తిరిగి వచ్చి అద్దం ముందు నిలబడితే, కుచ్చిళ్లు పెట్టినట్టే ఉన్నాయి, మెడ దగ్గర ఖస్ ఇంకా లీలగా తెలుస్తోంది. ముఖానికి పెట్టించినది మాత్రం భోజనాల దగ్గరే చెమటతో పోయింది. కుడి చేతి గాజులో ఒక రాయి లేదు. ఎవరి చీర అంచుకో తట్టుకుని ఊడి ఉంటుంది.

సోమవారం ఉదయం గది ఖాళీ చేశాక మళ్లీ లాడ్ బజార్‌కు వెళ్లాము. పనివాడు గాజును చేత్తో ఒకసారి తిప్పి చూసి, ఊడిన చోట మాత్రమే సెగ తగిలేలా కుంపటికి చూపి, డబ్బాలోని రాళ్లలోంచి అదే ఆకుపచ్చను వెతికి పెట్టి, గోటితో నొక్కాడు. ఇరవై రూపాయలు తీసుకున్నాడు.