మిల్కీట్రాకర్‌లో టెక్నో దరువులు: కొన్నేళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

టెక్నో ట్రాకులకు కావలసిన డ్రమ్స్‌ను నేను కొన్నేళ్లుగా మిల్కీట్రాకర్‌లోనే రాసుకుంటున్నాను. ఇది ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ట్రాకర్, అంటే నోట్లను నిలువు పట్టికలో అక్షరాలూ అంకెలుగా రాసుకునే సంగీత సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. స్వీడన్‌కు చెందిన ట్రైటన్ బృందం 1994లో డాస్ కోసం విడుదల చేసిన ఫాస్ట్‌ట్రాకర్ 2ను రూపంలోనూ నడవడికలోనూ బాగా దగ్గరగా అనుసరిస్తుంది కనుక, మొదటిసారి తెరిచిన వారికి ఆ నిలువు గళ్లూ అంకెల వరుసలూ చూసి ఇది సంగీతానికి పనికొచ్చేదా, కిరాణా కొట్టు పద్దుల పుస్తకమా అన్న సందేహం రావడం సహజమే.

ఆ సందేహం తీరడానికి ఎక్కువసేపు పట్టదు. కొత్త ప్యాటర్న్‌లో, అంటే పాటలో ఒక ముక్కను రాసే పట్టికలో, 64 వరుసలుంటాయి. అవి పైనుంచి కిందికి నడుస్తాయి. ఆరంభంలో ఉండే స్పీడ్ 6, టెంపో 125 అమరికలో నాలుగు వరుసలు ఒక బీట్ అవుతాయి, కాబట్టి ఒక ప్యాటర్న్ సరిగ్గా నాలుగు బార్లు (బార్ అంటే నాలుగు బీట్లు). వరుసల సంఖ్యలు హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి, అంటే 9 తరువాత ఏ, బి, సి అంటూ ఎఫ్ వరకు వెళ్లి మళ్లీ 10 మొదలవుతుంది. చాలామంది దీన్ని అనవసరమైన తలనొప్పి అంటారు గానీ, పదహారు వరుసల బార్‌కు ఇంతకంటే అనువైన లెక్క లేదన్నది నా అభిప్రాయం. ప్రతి బార్ 0తో ముగిసే వరుస దగ్గరే మొదలవుతుంది; కిక్ (బరువైన పెద్ద డ్రమ్ దెబ్బ) ఎప్పుడూ 0, 4, 8, సి అంకెలతో ముగిసే వరుసల్లోనే పడుతుంది; వాటి మధ్య తెరచిన హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) 2, 6, ఏ, ఇ అంకెల మీద, క్లాప్ (చప్పట్ల శబ్దం) 4, సి అంకెల మీద కూర్చుంటాయి. యాడ్ అనే గడిలో 4 పెట్టి ఒకే కీని వరుసగా నొక్కుతూ పోతే కర్సర్ నాలుగేసి వరుసలు దూకుతుంది, నిమిషం తిరగకుండానే ప్యాటర్న్ అంతటా కిక్ నిండిపోతుంది. పాఠాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. అలా తయారైన దరువు టెక్నోలాగే వినిపిస్తుంది, కానీ పట్టుమని రెండు నిమిషాలు వినలేము.

వినదగినదిగా మార్చే పని హై-హ్యాట్ దగ్గర మొదలవుతుంది. ట్రాకర్‌లో ఒక ఛానల్ (పట్టికలోని ఒక నిలువు గడి) ఒకసారికి ఒకే శబ్దాన్ని మోస్తుంది; కొత్త నోట్ రాగానే పాతది ఆగిపోతుంది. ఈ పరిమితి హై-హ్యాట్‌కు వరం. మూసిన హ్యాట్‌నూ తెరచిన హ్యాట్‌నూ ఒకే ఛానల్‌లో రాస్తే, నిజమైన తాళాలు మూసుకున్నప్పుడు మోత తెగినట్టే ఇక్కడా తెగుతుంది; దానికి వేరే అమరిక ఏదీ అవసరం లేదు. ఇక వాల్యూమ్ కాలమ్‌లో విలువలు 00 నుంచి 40 వరకు ఉంటాయి, హెక్స్‌లో 40 అంటే మన 64. నాలుగు వరుసల్లో మూసిన హ్యాట్‌కు 30, 14, 28, 10 అని రాసి వినండి, తరువాత నాలుగింటికీ 30 పెట్టి వినండి. మొదటిది నడుస్తుంది, రెండోది మేకులు కొడుతుంది. దీనికి తోడు సంఖ్య 9తో మొదలయ్యే ఎఫెక్ట్ (నోట్ పక్కన రాసే ఆదేశం) శాంపిల్‌ను, అంటే రికార్డు చేసిన శబ్దాన్ని, మొదటినుంచి కాక కొంచెం లోపలినుంచి వాయిస్తుంది. అక్కడ ఒక్కో అంకెకు 256 శాంపిల్ పాయింట్ల (ఆ శబ్దాన్ని నమోదు చేసిన కొలతల) చొప్పున ముందుకు జరుగుతుంది. 44,100 హెర్ట్జ్ శబ్దంలో అది సుమారు 5.8 మిల్లీసెకన్లు. హ్యాట్‌కు 901, 902 మార్చి మార్చి రాస్తే ప్రతి దెబ్బ మొన కాస్త వేరుగా ఉంటుంది. కిక్‌కు 901 రాస్తే ముందున్న టిక్కు శబ్దం పోయి మెత్తటి అడుగు మిగులుతుంది. బార్ చివర ఇలాంటి మెత్తటి కిక్‌ను ఒకటి రెండు చోట్ల తక్కువ వాల్యూమ్‌తో దాచడం నాకు అలవాటైపోయింది.

అసలు పేచీ స్వింగ్ దగ్గర, అంటే కొన్ని దెబ్బలను కాస్త ఆలస్యంగా వేసి దరువుకు ఊపు తేవడం దగ్గర, వస్తుంది. ప్రతి వరుస టిక్కులుగా విడిపోతుంది, స్పీడ్ 6 అంటే వరుసకు ఆరు టిక్కులు. 2.5ను టెంపోతో భాగిస్తే ఒక టిక్కు ఎన్ని సెకన్లో వస్తుంది. 125 దగ్గర అది 20 మిల్లీసెకన్లు, 130 దగ్గర 19 చిల్లర. ఇడి1 అనే ఎఫెక్ట్ రాస్తే నోట్ ఒక టిక్కు ఆలస్యంగా మోగుతుంది. ఒక వరుసలో ఎఫ్07, తరువాతి వరుసలో ఎఫ్05 అని మార్చి మార్చి రాస్తే వరుసల నిడివి ఏడు, ఐదు టిక్కులుగా మారి దాదాపు 58 శాతం స్వింగ్ వస్తుంది, అయితే ఇది అన్ని ఛానళ్లకూ వర్తిస్తుంది. హ్యాట్‌ను పది మిల్లీసెకన్లు మాత్రమే వెనక్కి లాగాలంటే మామూలు అమరికలో కుదరదు. దీనికొక ఉపాయం ఉంది: టెంపో 250, స్పీడ్ 12 అని పెడితే వినిపించే వేగం 125 గానే ఉంటుంది, టిక్కు మాత్రం 10 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. కానీ టెంపో 255 దాటదు కాబట్టి, 127 పైబడిన వేగాలకు ఈ ఉపాయం పనికిరాదు. టెక్నోలో ఎక్కువభాగం ఆ పైనే ఉంటుందన్నది చేదు నిజం.

రెండో ఇబ్బంది ఎఫెక్టులది. ఒక ఛానల్‌లో ఒక వరుసకు ఒకే ఎఫెక్ట్ కాలమ్ ఉంటుంది. వాల్యూమ్ కాలమ్‌లో కొన్ని చిన్న ఎఫెక్టులు పట్టినా, శాంపిల్‌ను లోపలినుంచి వాయించడమూ ఆలస్యం చేయడమూ రెండూ ఆ ఒక్క గడి కోసమే పోటీ పడతాయి. నేను ముందు భాగం కత్తిరించిన శాంపిల్‌ను వేరే ఇన్‌స్ట్రుమెంట్‌గా పెట్టుకుని గట్టెక్కుతున్నాను. డబ్బు పెట్టి కొనే రెనాయిస్ అనే మరో ట్రాకర్‌లో వరుసను 256 భాగాలుగా విభజించే ప్రత్యేకమైన డిలే కాలమ్ ఉంది, ఒకటికి మించి ఎఫెక్ట్ కాలమ్‌లు తెరవవచ్చు. స్వింగే ప్రాణమనుకునే వారికి అదే తగినది.

మిల్కీట్రాకర్‌లో పాట నడుస్తుండగా పనిచేసే కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గులను అదుపుచేసేది) లేదు, రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని ఇచ్చేది) లేదు, ప్లగిన్లు వేసుకునే వీలూ లేదు. కిక్ పడినప్పుడు బేస్ తగ్గాలంటే బేస్ ఛానల్‌లో నాలుగు వరుసలకూ 08, 20, 30, 40 అని చేత్తో రాయాలి. మొదట్లో విసుగనిపించినా, ఒక శబ్దం మోగినప్పుడు మరోదాన్ని తగ్గించే సైడ్‌చెయిన్ కంప్రెసర్ లోపల ఏం చేస్తుందో నాకు బోధపడింది ఈ రాతతోనే. గిడ్డంగిలో మోగుతున్నట్టుండే కిక్ గర్జన కావాలంటే, కిక్‌ను మరో ఛానల్‌లో 1, 2, 3 వరుసల మీద ముందు భాగం తీసేసి తక్కువ వాల్యూమ్‌తో తిరిగి రాస్తే చాలావరకు దగ్గరికి వస్తుంది.

ప్యాటర్న్ నిడివి అన్ని ఛానళ్లకూ ఒకటే కావడం కూడా సంగీతాన్ని ఒక దారిలోకి నెడుతుంది. మూడు వరుసలకొకసారి వచ్చే రిమ్‌షాట్‌ను (డ్రమ్ అంచు మీది దెబ్బను) నాలుగు వరుసల కిక్ మీద పరుగెత్తిస్తే చక్కటి ఎదురుదరువు పుడుతుంది, కానీ 64 మూడుతో భాగించబడదు కాబట్టి ప్యాటర్న్ మలుపులో అది తడబడుతుంది. నిడివిని 48 వరుసలకు తగ్గిస్తే మూడు బార్లలో అంతా కలిసి వస్తుంది. మృదంగం నేర్చినవారికి ఇది కొత్త విషయం కాదు; చతురశ్ర గతి (బీట్‌కు నాలుగు) నుంచి తిశ్రానికి (బీట్‌కు మూడు) మారాలన్నా దారి ఉంది. ఒక బీట్ మొత్తం 24 టిక్కులు కనుక, స్పీడ్‌ను 8 చేసి బీట్‌కు మూడు వరుసలు రాస్తే టెంపో చెక్కుచెదరదు.

కొత్తగా మొదలుపెట్టేవారు టిఆర్-909 అనే డ్రమ్ మెషీన్ శాంపిళ్లు దించుకున్న వెంటనే ది మోడ్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్ నుంచి కొన్ని ఎక్స్‌ఎమ్ ఫైళ్లు (ట్రాకర్ పాటల ఫైళ్లు) కూడా దించుకోవాలని నా సూచన. ఆ ఫైళ్లలో శాంపిళ్లు, నోట్లు, ఎఫెక్టులు అన్నీ ఇమిడి ఉంటాయి. నచ్చిన ట్రాక్ తెరిచి, డ్రమ్స్ తప్ప మిగతా ఛానళ్లన్నీ మ్యూట్ చేసి, హ్యాట్ ఛానల్ వాల్యూమ్ కాలమ్‌లో ఏ అంకెలున్నాయో వరుస వెంట వరుస చూస్తూ వినవచ్చు.