తొమ్మిదేళ్ళుగా నా నడుం మీదున్న స్టెడీక్యామ్

స్టెడీక్యామ్ అంటే నడుస్తూ తీసినా బొమ్మ కుదపకుండా కెమెరాని ఒంటికి కట్టుకునే పరికరం. కొనాలనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నాను: కెమెరా తగిలించే స్లెడ్ సంగతి తర్వాత, ముందు ఒంటికి తొడుక్కునే వెస్ట్ చూసుకోండి. 2016లో చెన్నై సాలిగ్రామంలో ఒక సీనియర్ ఆపరేటర్ దగ్గర నేను దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు సరిగ్గా తిరగేసి ఆలోచించాను. మానిటర్ ఎండలో కనిపిస్తుందా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, పోస్ట్ (స్లెడ్‌లో నిలువు గొట్టం) ఎంత పొడుగు సాగుతుంది, ఇవే అడిగాను. వెస్ట్ ఒకసారి తొడుక్కుని, బెల్టులు బిగించి, "బాగానే ఉందన్నా" అని డబ్బులు ఇచ్చేశాను. అది ఆయన ఒంటికి సర్దుకున్న వెస్ట్. ఆయన నాకంటే అరడుగు పొడుగు. ఆ అరడుగు సంగతి ఏడాదిన్నర తర్వాత నా నడుముకి తెలిసింది.

మాది గూడూరు. చెన్నైకి వచ్చి పదిహేనేళ్ళు దాటింది, ఉండేది వలసరవాక్కంలో. మొదట్లో ట్రైపాడ్ మీద కెమెరా చేసేవాణ్ణి. స్టెడీక్యామ్ కట్టుకున్నాక చేసినవన్నీ దాదాపు లైవ్ ప్రోగ్రాములే. మ్యూజిక్ నైట్లు, అవార్డు ఫంక్షన్లు, దేవుడి కల్యాణాలు, మ్యాచ్‌కి ముందు గ్రౌండ్‌లో జరిగే హడావుడి. సినిమా షూటింగ్ దారి వేరు, దాని గురించి ఇక్కడ రాయను.

దీన్ని గారెట్ బ్రౌన్ అనే అమెరికన్ కెమెరామ్యాన్ 1970లలో కనిపెట్టాడు. 1978లో దీనికి ఆస్కార్ కూడా వచ్చింది. ఇన్నేళ్ళయినా అసలు సూత్రం అదే. ఒంటికి వెస్ట్, వెస్ట్‌కి స్ప్రింగుల ఆర్మ్, ఆర్మ్ చివర స్లెడ్. స్లెడ్ మీద కెమెరా పైన, మానిటరూ బ్యాటరీలూ కింద ఉంటాయి. బరువుని అలా దూరం దూరంగా పెడితే చిన్న కుదుపుకి అంత తేలిగ్గా తిరగదు. మధ్యలో ఉండే గింబల్ (అన్ని వైపులా తిరిగే కీలు) మన చేతి వణుకుని పోస్ట్ దాకా రానివ్వదు. అడుగు వేసినప్పుడు వచ్చే ఎత్తుపల్లాలని ఆర్మ్‌లో స్ప్రింగులు మింగేస్తాయి. నా దాంట్లో జూమ్‌కీ ఫోకస్‌కీ తప్ప ఇంక దేనికీ మోటారు లేదు.

అందుకే బ్యాలెన్స్ విషయంలో ఇది మొహమాటం లేని పరికరం. పోస్ట్‌ని అడ్డంగా పట్టుకుని వదిలితే నిటారుకి రావడానికి రెండున్నర, మూడు సెకన్లు పట్టాలి. ఒక్క సెకనులో వచ్చేసిందంటే కింద బరువు ఎక్కువైనట్టు. అలాంటప్పుడు నడిచి ఆగిన ప్రతిసారీ ఫ్రేము గోడ గడియారం లోలకంలా ఊగుతుంది. తర్వాత గుండ్రంగా తిప్పి చూడాలి, తిరుగుతూ పక్కకి ఒరిగితే బ్యాటరీ వెనక్కో ముందుకో జరపాలి. లెన్స్ మార్చినా, వెనకాల బొమ్మని వైర్‌లెస్‌లో పంపే ట్రాన్స్‌మిటర్ తగిలించినా మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాల్సిందే. నాకు ప్రతి కాల్‌షీట్‌లో (ఒప్పుకున్న ఒక పూట పనిలో) దీనికి అరగంట కావాలి. రిహార్సల్‌కి ఆలస్యమవుతోందని తొందరపెడతారు గానీ, ఆ అరగంట మాత్రం నేను వదులుకోను. ఒకసారి వదులుకున్నాను. మూడు గంటల షో అంతా హొరైజన్ ఎడమకి వాలుతుంటే మణికట్టుతో ఆపుతూనే ఉన్నాను. మర్నాడు కాఫీ గ్లాసు ఎత్తలేకపోయాను.

స్టెడీక్యామ్ అనగానే పరుగులు గుర్తొస్తాయి అందరికీ. లైవ్‌లో నేను ఎక్కువసేపు చేసే పని కదలకుండా నిలబడటం. అంతకంటే కష్టమైన పని ఇందులో ఇంకోటి లేదు. కెమెరా, లెన్స్, ఆర్మ్, వెస్ట్ అన్నీ కలిపితే 25 కిలోల పైమాటే, అంటే ఒక బియ్యం మూట. నడుస్తున్నప్పుడు ఆ బరువు మనతోపాటు సాగుతుంది. నిలబడ్డప్పుడు మొత్తం ఒకే చోట దిగుతుంది.

ఒక మ్యూజిక్ నైట్‌లో ఇలాగే జరిగింది. గాయని స్టేజీ అంచుకి వచ్చి కూర్చుని నెమ్మదిగా ఆలాపన మొదలుపెట్టింది. నేను కింద నుంచి దగ్గరికి వెళ్ళి ఆగాను. టాలీ లైట్ ఎర్రగా వెలిగింది, అంటే ఇప్పుడు వెళ్తున్నది నా బొమ్మే. నాది నాలుగో నంబరు కెమెరా. హెడ్‌సెట్ టాక్‌బ్యాక్‌లో డైరెక్టర్ గొంతు: "నాలుగు, అలాగే ఉండు. అస్సలు కదలకు." పోస్ట్ మీద నా ఎడమచేతి వేళ్ళు రెండే ఆనించి ఉన్నాయి, గట్టిగా పట్టుకుంటే గుండె కొట్టుకోవడం కూడా ఫ్రేములో తెలిసిపోతుంది. కనుబొమ్మ మీద నుంచి చెమట చుక్క జారి కంట్లో పడింది. తుడుచుకోవడానికి లేదు. ఒక కన్ను మూసుకుని రెండో కంటితో మానిటర్ చూస్తూ, ఊపిరి సగం సగం పీలుస్తూ ఉన్నాను. ఎంతసేపని ఎవరైనా అడిగితే ఆ క్షణంలో గంట అని చెప్పేవాణ్ణి. తర్వాత రికార్డింగ్ చూస్తే రెండు నిమిషాల పది సెకన్లు. ఆ షాట్‌లో ఎక్కడా వణుకు లేదు. ఇప్పటికీ నేను చేసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే.

ఇక వెస్ట్ దగ్గరికి వస్తాను. పాత వెస్ట్‌లో నడుం బెల్ట్ నాకు తుంటి ఎముక మీద కూర్చునేది కాదు, కిందికి జారేది. బరువంతా భుజాల మీదికీ వెన్ను కింది భాగానికీ వెళ్ళేది. దాన్ని ఆపడానికి తెలియకుండానే వెనక్కి వాలి నిలబడేవాణ్ణి. కొత్తగా చేసేవాళ్ళందరూ చేసే తప్పే ఇది. 2017 చివరికి మంచం మీద నుంచి లేవాలంటే పక్కకి దొర్లి, మోచెయ్యి ఆనించి లేవాల్సి వచ్చింది. ఫిజియోథెరపీ ఆయన నన్ను వెస్ట్ తెచ్చి తొడుక్కోమన్నాడు. చూసి, "బరువు మొయ్యాల్సింది తుంటి, మీరు వెన్నుతో మోస్తున్నారు" అన్నాడు. రెండు నెలలు పని మానేశాను. చీటీ పాడి, నా కొలతలకి సరిపోయే కొత్త వెస్ట్ తెప్పించుకున్నాను. సగం నొప్పి వెస్ట్‌తో పోయింది, మిగతా సగం రోజూ పొద్దున చేసే వ్యాయామంతో.

సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలికే. రిగ్ మొత్తం తగిలించుకుని, మామూలుగా నిలబడి, రెండు చేతులూ వదిలెయ్యాలి. కెమెరా ఎటూ పారిపోకుండా పక్కనే తేలుతూ ఉండాలి. ముందుకో పక్కకో పోతే వెస్ట్ మీద ఆర్మ్ తగిలించే చోట ఉన్న రెండు స్క్రూలు తిప్పాలి. కొనే ముందు ఈ పరీక్ష పది నిమిషాలు చెయ్యండి. అమ్మేవాళ్ళు తొందరపెడితే కొనకండి.

చెన్నై ఎండ గురించి కూడా చెప్పాలి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో ఓపెన్ గ్రౌండ్‌లో మధ్యాహ్నం రిహార్సల్ ఉంటే వెస్ట్ లోపలి స్పాంజ్ చెమటతో నానిపోతుంది, రాత్రి షోకి కూడా ఆరదు. నేను వడపళనిలో టైలర్‌తో కాటన్ తొడుగులు నాలుగు కుట్టించుకున్నాను, ఒకటి తీసి ఒకటి వేస్తాను. ఇంత ఖరీదైన వస్తువుకి ఉతుక్కునే తొడుగులు వాళ్ళే ఇవ్వాల్సింది.

సముద్రపు ఒడ్డున ఇంకో బాధ. ఒకసారి బీచ్‌లో షో అయ్యాక అలసిపోయి, గింబల్ తుడవకుండానే కేసులో పెట్టేశాను. తప్పు నాదే. నాలుగు రోజుల తర్వాత ప్యాన్ చేస్తుంటే, అంటే కెమెరాని పక్కకి తిప్పుతుంటే, వేలికి రవ్వ నలిగినట్టు తగిలింది. కంటికి ఏమీ కనిపించదు, కానీ నెమ్మదిగా తిప్పితే ఫ్రేము ఒక చోట సన్నగా తడబడేది. బేరింగులు మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచీ ఇసుక ఉన్న చోట గింబల్‌కి స్నానానికి వాడే ప్లాస్టిక్ టోపీ తొడుగుతున్నాను, షాట్ ముందు తీస్తాను. గాలి ఎక్కువుంటే అసిస్టెంట్ థర్మాకోల్ షీట్ పట్టుకుని గాలి వచ్చే వైపు నాతోపాటు నడుస్తాడు.

కెమెరా నుంచి బొమ్మ పంపడానికి కేబులా వైర్‌లెస్సా అన్నది ఇంకా తేలని గొడవ. కేబుల్ ఉంటే నడుం దగ్గర ఎవరో లాగుతున్నట్టే ఉంటుంది. వైర్‌లెస్ అయితే హాయి. కానీ కొన్ని వైర్‌లెస్ సెట్‌లలో బొమ్మ రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా వస్తుంది. మన దగ్గర సెకనుకి 25 ఫ్రేములు కాబట్టి ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. మాటలకి పెద్దగా తెలియదు. మృదంగం మీద చెయ్యి పడే షాట్ మాత్రం దెబ్బ వినిపించాక కనిపిస్తుంది. తాళవాద్యాలున్న కచేరీ అయితే నేను కేబులే అడుగుతాను, అది లాగినా పర్వాలేదు.

మోటారు గింబల్స్ (మోటార్లే కెమెరాని నిలకడగా ఉంచేవి) వచ్చాక దీని పని అయిపోయిందని చాలామంది అన్నారు. 2014 తర్వాత చేతిలో పట్టుకునే గింబల్స్ బాగా పెరిగాయి, ధర కూడా తక్కువ. చిన్న కెమెరాతో ఒక పాట తియ్యడానికి అవి బావుంటాయి, నేనూ వాడతాను. బ్రాడ్‌కాస్ట్ కెమెరా పెద్ద లెన్స్‌తో మూడు గంటలు అంటే చేతులు తట్టుకోవు. పైగా నేను తల తిప్పినంత వేగంగా నా ఫ్రేము తిరుగుతుంది, ఎక్కడ ఆగాలో నా వేలికి తెలుసు. మోటారు నా వేలి మాట విని తిరగడానికి పట్టే ఆ కాస్త సమయం లైవ్‌లో నాకు టెన్షన్.

అసలు నేను అసిస్టెంట్ లేకుండా ఏ కాల్‌షీటూ ఒప్పుకోను. బత్తా (రోజు ఖర్చులకిచ్చే డబ్బు) మిగులుతుందని ప్రొడక్షన్‌వాళ్ళు స్థానికంగా ఎవరినో ఇస్తామంటారు. నా వెనక నడిచే కుర్రాడు సూళ్ళూరుపేటవాడు, ఆరేళ్ళుగా నాతోనే ఉన్నాడు. ఒక అవార్డు ఫంక్షన్‌లో ముఖ్య అతిథి గేటు నుంచి స్టేజీకి వస్తుంటే నేను ఆయన ముందు వెనక్కి నడుస్తున్నాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి నా హెడ్‌సెట్ మూగబోయింది. డైరెక్టర్ ఏమంటున్నాడో తెలియదు. టాలీ ఎర్రగానే ఉంది. వీపు మీద వాడి అరచెయ్యి, చెవి దగ్గర వాడి గొంతు: "మెట్టన్నా. ఇంకోటి. ఇంకోటి. చదును." ఏడు మెట్లు అలా ఎక్కాను. వాడి చెయ్యి ఒక్కసారి కూడా నన్ను తొయ్యలేదు, ఉందని తెలిసేంతే ఆనింది.

నా పాత వెస్ట్ అటక మీదే ఉండేది. వాడు నాకంటే పొడుగు. పోయిన నెల దింపి, స్పాంజ్ మార్పించి వాడికి తొడిగాను. బెల్ట్ సరిగ్గా తుంటి మీద కూర్చుంది. ఆర్మ్ తగిలించి, స్లెడ్ ఎక్కించి, స్క్రూలు రెండూ తిప్పాను. "అన్నా, చేతులు వదలనా?" అన్నాడు. వదలమన్నాను. వదిలాడు. కెమెరా ఎటూ పోలేదు.