రొయ్యల కౌంటు దగ్గర మొదలైన మరమ్మతు: నాలుగు నెలల నాణ్యతా సేవపై నా సమీక్ష

భీమవరంలో తొమ్మిది మందితో నడుస్తున్న మా చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ కోసం నిరుడు ఆగస్టు నుంచి నవంబరు వరకు ఒక సేవ తీసుకున్నాం. సాఫ్ట్‌వేర్ తయారయ్యే తీరును దగ్గరుండి చూసి, ఎక్కడ చెడుతోందో పట్టుకుని, మా చేతనే బాగుచేయించే సేవ అది. వారానికి రెండు రోజులు ఇద్దరు వచ్చేవారు. పెద్దాయన స్వస్థలం ధవళేశ్వరం. బెంగళూరులో పాతికేళ్లకు పైగా నాణ్యత విభాగాల్లోనే పనిచేసి సొంత ఊరికి తిరిగి వచ్చారు. మేమంతా ఆయనను మాస్టారు అనే పిలిచాం. రెండో ఆమె కాకినాడ అమ్మాయి, టెస్టింగ్‌లో దిట్ట. ఫీజు 2 లక్షల 40 వేల రూపాయలు. కొత్తగా చేరే ప్రోగ్రామర్‌కు మేము ఏడాదికి ఇచ్చే జీతం అంత. అంత డబ్బు పెట్టవచ్చా అని ఏలూరు, అమలాపురం వైపు నుంచి మాలాంటి చిన్న సంస్థలవాళ్లు అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేము చేసేవి రెండు ప్రోగ్రాములు. ఒకటి రైస్ మిల్లుల లెక్కలకు, రెండోది రొయ్యలు కొనే వ్యాపారులకు. రెండో దానిలో కాటా తూకం నుంచి రైతుకు చెల్లింపు వరకు అంతా ఉంటుంది. మాస్టారిని పిలవాల్సి వచ్చింది ఈ రొయ్యల ప్రోగ్రాము వల్లే.

కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఒక పట్టుబడిలో 39.6 కౌంటు పడిన సరుకుకు మా ప్రోగ్రాము 40 అని రశీదు ఇచ్చింది. ఆ వ్యాపారి పట్టికలో ఆ దగ్గర ఒక్కో కౌంటుకు కిలోకు మూడు రూపాయల తేడా ఉంది. దశాంశం వస్తే దామాషాగా కట్టాలన్నది రైతులకూ ఆయనకూ మధ్య ఉన్న మాట. సరుకు 4,000 కిలోలు. అంటే కిలోకు రూపాయి ఇరవై పైసల చొప్పున 4,800 రూపాయలు రైతుకు తక్కువ పడింది. కాళ్ళ మండలానికి చెందిన ఆ రైతు రాత్రి ఖాళీ మేత సంచి మీద పెన్నుతో లెక్క కట్టుకుని, తెల్లవారి మేము ఆఫీసు తెరిచే సరికే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన గొంతు పెంచలేదు. “నా లెక్కలో తప్పుంటే చూపించండమ్మా, వెళ్లిపోతాను” అన్నారు. ఆయన లెక్కలో తప్పు లేదు. పాత రశీదులన్నీ తిరగేస్తే ఐదు నెలల్లో పదకొండు మంది రైతులకు ఇలాగే తగ్గింది. మొత్తం 38,600 రూపాయలు మా సంస్థ నుంచే చెల్లించాం. డబ్బు పోయినందుకు కాదు, ఐదు నెలలు మాలో ఒక్కరికీ ఆ సంగతి తెలియనందుకు నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

నేను భీమవరం రాకముందు పదకొండేళ్లు హైదరాబాదులో ఒక పెద్ద సంస్థలో పనిచేశాను. సాఫ్ట్‌వేర్ సంస్థల పని తీరుకు మెట్లు కట్టే సీఎంఎంఐ అనే నమూనాలో దానికి ఐదో స్థాయి ఉండేది. ఆ ఐదు మెట్ల నమూనా అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. అమెరికా రక్షణ శాఖ తాను కొనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే సంస్థల సత్తా తెలుసుకోవాలనుకోవడం దాని వెనుక కారణం. తొలి రూపం 1991లో వచ్చింది. అందులోని ఆలోచన మంచిది. నేను చూసిన ఆచరణలో మాత్రం తనిఖీకి వారం ముందు కూర్చుని పాత తేదీలతో ఫారాలు నింపేవాళ్లం. అందుకే మాస్టారు కూడా లావుపాటి ఫైళ్లతో దిగుతారేమోనని భయపడ్డాను. ఆయన చేతిసంచిలో రెండు వందల పేజీల రూళ్ల నోటుపుస్తకం ఒక్కటే ఉంది.

మొదటి వారం ఎవరి కంప్యూటర్ జోలికీ వెళ్లలేదు. మా ఫోన్లు ఎత్తే అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గడిచిన ఆరు నెలల్లో వచ్చిన ఫిర్యాదులు రాసి ఉన్నాయా అని అడిగారు. డైరీలో కొన్ని, వాట్సాప్‌లో కొన్ని, మిగిలినవి ఆ అమ్మాయి జ్ఞాపకంలో ఉన్నాయి. అన్నీ కూడదీస్తే 61 తేలాయి. ఒక్కో ఫిర్యాదును ఒక్కో చీటీ మీద రాయించి గోడకు అంటించి, కారణాన్ని బట్టి జరుపుకుంటూ పోయారు. సాయంత్రానికి 44 చీటీలు మూడు గుంపుల్లోకి చేరాయి. లెక్క సవరింపులో, అంటే దశాంశాన్ని పూర్తి అంకెగా మార్చడంలో, తప్పులు ఒక గుంపు. చెరువు గట్టు మీద సిగ్నల్ లేక ఒకే తూకం రెండుసార్లు నమోదు కావడం ఇంకో గుంపు. మూడోది అన్నిటికంటే పెద్దది: మా కుర్రవాళ్లు వ్యాపారి ఆఫీసుకు వెళ్లి అక్కడి కంప్యూటర్‌లోనే చేసి వచ్చిన మార్పులు. రోజూ ఈ గదిలోనే తిరిగే నాకు అప్పటివరకు ఆ గోడ మీద కనిపించినది కనిపించలేదు. ఈ ఒక్క వారానికే ఫీజులో సగం ఇవ్వవచ్చు.

రెండో వారం కౌంటు తప్పును మధ్యలో పెట్టి ‘ఎందుకు’ అని అడగడం మొదలుపెట్టారు. ఒక జవాబు వచ్చాక దాని మీద మళ్లీ ఎందుకు అని అడుగుతూ మూలం దాకా పోవడం టయోటా కర్మాగారాల నుంచి ప్రపంచమంతా నేర్చుకున్న పద్ధతి. 40 ఎందుకు పడింది? పై అంకెకు సవరించే ఫంక్షన్ (ఒక చిన్న పని చేసే కోడ్ ముక్క) వాడాం. అదే ఎందుకు వాడారు? మిల్లు ప్రోగ్రాములో ఉన్నదాన్ని తెచ్చి పెట్టాం. మిల్లులో అది సరైనదే, ధాన్యం తూకాన్ని బస్తాల్లోకి మార్చినప్పుడు 39.6 వస్తే 40 గోనెసంచులు కావాలి. రొయ్యలకు సరిపోతుందో లేదో ఎందుకు చూడలేదు? దశాంశం షరతు ఎక్కడా రాసి లేదు. ఎందుకు రాయలేదు? గది నిశ్శబ్దమైపోయింది. వ్యాపారితో ఆ షరతు మాట్లాడింది నేను. ఫోనులో విని, కుర్రవాళ్లకు నోటిమాటగా చెప్పాను. దశాంశం సంగతి చెప్పానో లేదో ఇప్పటికీ చెప్పలేను.

ఆ సాయంత్రం టీ తాగుతూ మాస్టారు ఏరియాన్ రాకెట్ కథ చెప్పారు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 మొదటిసారి లేచింది. దాని దిశను చూసుకునే సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం పాత ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నది. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చే చోట విలువ పట్టక ప్రోగ్రాము ఆగిపోయింది, నలభై సెకన్లయినా గడవకముందే రాకెట్ ముక్కలైంది. ఏరియాన్ 4లో ఆ కోడ్ తప్పు కాదు. చోటు మారాక పాత హద్దులను ఎవరూ తిరిగి కొలవలేదు. మా బస్తాల ఫంక్షన్ రాసిన అబ్బాయి అప్పటిదాకా తల దించుకుని కూర్చున్నాడు. కథ పూర్తయ్యాక తనే లేచి వెళ్లి, మిల్లు ప్రోగ్రాము నుంచి తెచ్చుకున్న ఫంక్షన్లు ఇంకా ఎన్ని ఉన్నాయో జాబితా రాసుకొచ్చాడు. పద్నాలుగు ఉన్నాయి. వాటిలో మరో రెండింటికి ఇదే జబ్బు.

నాకు బాగా కష్టం కలిగించిన సంస్కరణ కోడ్ రివ్యూ. ఒకరు రాసినది ఇద్దరు ముందుగా చదువుకుని వచ్చి, కూర్చుని వరుసవారీగా చూడాలి. ఐబీఎంలో మైకేల్ ఫాగన్ 1976లో ప్రకటించిన తనిఖీ పద్ధతికి ఇది చిన్న రూపం. రెండు గంటలు దాటితే చూపు మొద్దుబారుతుంది కాబట్టి అంతకు మించకూడదన్నది ఒక నియమం. యజమాని ఆ గదిలో ఉండకూడదన్నది ఇంకొకటి. “మీరు బయట కూర్చోండమ్మా. మీరుంటే వాళ్లు తప్పులు వెతకరు, దాచుకుంటారు” అన్నారు మాస్టారు. నా సంస్థలో నన్నే బయటికి పంపడమా అని మనసు చివుక్కుమంది. మూడో వారానికి తలుపు అవతల నుంచి నవ్వులు, వాదనలు వినిపించాయి. మూడేళ్లుగా నా ఎదుట నోరు మెదపని అమ్మాయి పెద్ద ప్రోగ్రామర్‌తో “మీరు ఇక్కడ సున్నాతో భాగిస్తున్నారు” అనడం నా చెవులారా విన్నాను.

వ్యాపారుల కంప్యూటర్లలో చేసిన మార్పులను వెనక్కి తీసుకురావడానికి ఐదు వారాలు పట్టింది. కోడ్‌లో చేసే ప్రతి మార్పునూ వరుసగా భద్రపరిచే గిట్ అనే ప్రోగ్రాము మాకు ఉంది, కానీ దాన్ని బీరువాలా వాడాం: ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు తెచ్చి పెట్టడం. ఇరవై ఆరు మంది వ్యాపారుల దగ్గర పంతొమ్మిది రకాల ప్రోగ్రాములు నడుస్తున్నాయని తేలింది. ఎనిమిది సర్వర్లలో ఒక్కదానికి కొత్త కోడ్ చేరక 2012 ఆగస్టులో అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ ముప్పావు గంటలో సుమారు 44 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. మాస్టారు ఆ సంగతి చెబుతుంటే నేను ఆకివీడు, ఉండి, వీరవాసరం వ్యాపారుల ఆఫీసులను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను. ఇప్పుడు అందరికీ ఒకటే ప్రోగ్రాము. వ్యాపారికీ వ్యాపారికీ ఉన్న తేడాలు సెట్టింగుల్లో ఉంటాయి. గిట్‌లోకి చేరని మార్పు ఎవరి కంప్యూటర్‌కూ వెళ్లదు. కొత్తది పెట్టాక తేడా చేస్తే పది నిమిషాల్లో పాతదానికి మళ్లే ఏర్పాటు కూడా ఉంది.

టెస్టింగ్ కాకినాడ అమ్మాయి చూసుకుంది. 39.6, 40, 40.04, కౌంటు సున్నా, తూకం లేకుండా కౌంటు ఒక్కటే రావడం, ఇలాంటివి 212 పరీక్షలు రాత్రిపూట వాటంతట అవే నడిచి ఉదయానికి ఫలితం చెబుతాయి. సిగ్నల్ లేనిచోట తూకం రెండుసార్లు పడకుండా ప్రతి తూకానికీ ఫోనులోనే ఒక విడి సంఖ్య పుట్టేలా చేశారు. ఆమె గురించి ఒక్క మాట చెప్పాలి. మా కుర్రవాళ్లకు పరీక్షలు రాసి ఇవ్వలేదు. పక్కన కూర్చుని మొదటి ఇరవై రాయించి, మిగిలినవి వాళ్లకే వదిలేసింది. అందుకే ఆమె వెళ్లిపోయాక కూడా ఆ సంఖ్య పెరుగుతోంది.

ఇక నచ్చనివి. అన్ని పనులనూ రెండేసి వారాల ముక్కలుగా కోసి, ప్రతి ముక్క చివరా కొత్త రూపం విడుదల చేయాలని పట్టుపట్టారు. ఊరిని బట్టి పని నడుస్తుందని గ్రహించడానికి నెల పట్టింది. సార్వా (ఖరీఫ్) కోతలు అయ్యాక మిల్లులకు ఊపిరాడదు. దాళ్వా (రబీ) ధాన్యం వచ్చేటప్పుడూ అంతే. ఆ రోజుల్లో స్క్రీన్ మీద ఒక బటన్ చోటు మారినా గుమాస్తా చేయి తడబడుతుంది, లారీలు ఆగిపోతాయి. చివరికి నేనే మాస్టారితో అన్నాను: “మీ ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలనైనా వేసవిలో కట్టేశాకే కదా పూడిక తీస్తారు, తూములు బాగుచేస్తారు.” ఆయన వెంటనే ఒప్పుకున్నారు. రెండు కోతల కాలాల్లోనూ మిల్లు ప్రోగ్రాములో లోపాల సవరణ తప్ప ఏ మార్పూ వెళ్లకూడదని రాసుకున్నాం.

నాలుగో నెలలో జరిగింది అంతకంటే పెద్ద పొరపాటు. ఎవరి కోడ్‌లో ఎన్ని లోపాలు దొరికాయో పేర్లతో సహా బోర్డు మీద పెట్టారు. రివ్యూ గదిలోంచి నన్ను బయటికి పంపిన మనిషే ఈ పని ఎలా చేశారో నాకు అర్థం కాలేదు. ఆ వారం రివ్యూల్లో దొరికిన లోపాలు సగానికి పడిపోయాయి. కోడ్ మెరుగుపడి కాదు, ఒకరి పేరు పక్కన ఇంకొకరు అంకె పెంచడానికి ఇష్టపడక. నేను గట్టిగా చెప్పాక పేర్లు తీసేసి, ఏ భాగంలో ఎన్ని లోపాలన్నది మాత్రమే ఉంచారు. మళ్లీ మనుషులు నోరు విప్పడానికి మూడు వారాలు పట్టింది. ఈ సేవ తీసుకునేవారు ముందే ఈ షరతు కాగితం మీద రాయించుకోండి.

వెళ్లేటప్పుడు ఇచ్చిన 86 పేజీల పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. ఫోన్లు ఎత్తే అమ్మాయికీ, కాటా దగ్గర శిక్షణ ఇచ్చే అబ్బాయికీ అది పనికిరాదు. అందులోంచి అవసరమైనది రెండు పేజీల తెలుగులోకి నేను తిరిగి రాసి గోడకు పెట్టాను. అది వాళ్లే చేసి ఉండాల్సింది. రాత్రి పట్టుబడి చూడటానికి వస్తామని రెండుసార్లు మాట ఇచ్చి రాలేదు. తడి చేతులతో, టార్చి వెలుగులో ఫోను నొక్కడం ఎలా ఉంటుందో చూసి ఉంటే పెద్ద బటన్లు కావాలన్న నా మాటను చివరి వారం దాకా వాయిదా వేసేవారు కాదు.

పోయిన ఆరు నెలల్లో మాకు వచ్చిన ఫిర్యాదులు 19. ఇప్పుడు అన్నీ ఒకేచోట రాస్తున్నాం కాబట్టి ఇందులో ఏదీ తప్పిపోలేదు. సవరింపు లెక్కలో తప్పు ఒక్కటీ రాలేదు. ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉన్న సంస్థకు నాలుగు నెలలు అక్కర్లేదు. మొదటి రెండు వారాల పని ఒక్కటే చేయించుకుంటారేమో అడిగి చూడండి, మాస్టారు వాయిదాల మీద డబ్బు తీసుకోవడానికి కూడా ఒప్పుకుంటారు. సర్టిఫికెట్ కోసం వెతికేవారికి ఇది కాదు. అలాంటిదేమీ ఆయన ఇవ్వరు.

రశీదు మీద ఇప్పుడు కౌంటు దశాంశంతో సహా అచ్చవుతోంది. దాని కింద లెక్క కట్టిన తీరు తెలుగులో ఒక వరుసలో ఉంటుంది, మేత సంచి మీద ఆ రైతు రాసుకున్న క్రమంలోనే. సంక్రాంతి దాటాక ఇంకో రెండు రోజులు రమ్మని మాస్టారిని పిలిచాం. ఈసారి ముందు కాళ్ళ మండలం వైపు చెరువు గట్టుకు తీసుకువెళ్లి, రాత్రి పట్టుబడి చూపించాకే ఆఫీసుకు తెస్తాను.